చెబితే నవ్వుతారు

ఆ ఆదివారం మా చెరువులో పట్టుబడి. తెల్లవారుతూనే వలలు దించారు. శీలావతులూ బొచ్చెలూ ఐసు ట్రేల్లోకెక్కి లారీ కదిలేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. మగవాళ్ళంతా చేతులు కడుక్కుని భోజనాలకి కూర్చున్నారు. వాళ్ళ పక్కనే మా మనవరాలికీ కంచం పెట్టాను. చేపల పులుసంటే దానికి ప్రాణం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది కానీ మింగలేదు. బుగ్గన పెట్టుకుని కంచం వంక చూస్తూ కూర్చుంది. "మింగవే తల్లీ, ముల్లు గుచ్చుకుందా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

ఎదురుగా కూర్చున్న దాని మేనమామ గోపి, "ఏమే పెళ్ళామా, మొగుడి మీద అలిగావా?" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. పిల్ల ఒక్కొక్కరి మొహం వంకా చూసింది. తర్వాత లేచి పెరట్లోకి పరిగెత్తి, ఆ ముద్ద ఉమ్మేసి వాంతి చేసుకుంది.

నాకు అరవై దాటాయి. పదో తరగతి దాకా చదువుకున్నాను. మాది కొల్లేటి పక్కన చేపల చెరువుల ఊరు. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు కూడా మార్చాను. పిల్లని చిన్ని అంటాను. మా ఆయన పోయాక చెరువులన్నీ మా అబ్బాయి రాంబాబే చూసుకుంటున్నాడు. మా కోడలు సుజాతది ఉంగుటూరు వైపు. దాని ఒక్కగానొక్క తమ్ముడు గోపి. డిగ్రీ మధ్యలో వదిలేసి ఊరికే తిరుగుతున్నాడని, చెరువు మీద మేత లెక్కలు చూస్తాడని మా అబ్బాయి తీసుకొచ్చి ఇంట్లో పెట్టాడు. మా ఇంట్లో తిని, మా ఇంట్లో పడుకునేవాడు.

మేనమామకి మేనకోడలు వరసే కదండీ మా వైపు. ఇప్పుడు ఆ పెళ్ళిళ్ళు ఎవరూ చెయ్యడం లేదు గానీ, ఆ వేళాకోళం మాత్రం పోలేదు. ఆడపిల్ల పుట్టగానే "నీ పెళ్ళాం పుట్టిందిరా" అని మేనమామకి కబురు పెడతారు. పిల్ల వాడి ఒళ్ళో కూర్చోనంటే సిగ్గుపడుతోందంటారు. వాణ్ణి చూసి పారిపోతే ఇప్పటినుంచే గయ్యాళి పెళ్ళామంటారు. చిన్ని వద్దన్న ప్రతిసారీ మా ఇల్లంతా నవ్వింది. అందులో నా గొంతు చిన్నదేం కాదు.

ఆ వాంతి తర్వాత రోజూ కడుపునొప్పి అనేది. సాయంత్రం చెరువు మీంచి మోటారు సైకిళ్ళు తిరిగొచ్చే వేళకి మొదలయ్యేది. తొమ్మిదేళ్ళ పిల్ల పక్క తడపడం మొదలుపెట్టింది. రోహిణి కార్తె ఎండల్లో గౌను కింద ప్యాంటు, దాని కింద ఇంకో ప్యాంటు వేసుకునేది. విప్పమంటే ఏడ్చేది. మా ఊరి ఆర్ఎంపీ డాక్టరు నులిపురుగులకి మందిచ్చాడు. నేను ఎండుమిరపకాయలూ ఉప్పూ తిప్పి దిష్టి తీశాను. దేనికీ తగ్గలేదు.

ఏలూరు తీసుకెళ్ళాం. పెద్ద పేరున్న పిల్లల డాక్టరు. స్కానింగు, బ్లడ్ టెస్టు, యూరిన్ టెస్టు అన్నీ రాశారు. అన్నీ చూసి, "ఎవ్రీథింగ్ నార్మల్ అండీ. ఒక్కోసారి స్కూలు ఎగ్గొట్టడానికి కూడా పిల్లలు కడుపునొప్పి అంటారు, గమనించుకోండి" అన్నారు. "ఎండాకాలం సెలవులు కదండీ డాక్టరుగారూ, దేన్ని ఎగ్గొడుతుంది?" అన్నాను. ఆయన తర్వాతి పేషెంటుని పిలిచారు.

తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి పద్మ ఉంటుంది. వాళ్ళ వీధి చివర ఒక లేడీ డాక్టరుగారి క్లినిక్కు ఉంది. వారం రోజులు మా దగ్గర ఉంచమ్మా, గాలి మారుతుంది, ఆవిడకీ చూపిద్దామని పద్మ అంటే తీసుకెళ్ళాను. విచిత్రమేమిటంటే, అక్కడికి వెళ్ళిన మర్నాటికల్లా పిల్ల అన్నం తింది. పక్క కూడా తడపలేదు. ఆ సంగతి డాక్టరుగారికి సంతోషంగానే చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసి, "పెద్దమ్మగారూ, మీరు కాసేపు బయట కూర్చుంటారా? నర్సమ్మ ఇక్కడే ఉంటుంది" అన్నారు.

నన్ను లోపలికి పిలిచేసరికి చిన్ని అక్కడ లేదు. నర్సు పక్క గదిలోకి తీసుకెళ్ళి బిస్కెట్లు పెట్టింది. డాక్టరుగారు కుర్చీ నా పక్కకి జరుపుకుని చెప్పారు. ఏం చెప్పారో ఇక్కడ రాయను. మేనమామ అన్నారు. చెరువు గట్టు మీద షెడ్డు అన్నారు. సంక్రాంతి ముందునుంచీ అన్నారు. నాకు చెవుల్లో హోరు తప్ప మరేం వినబడలేదు. "ఇంట్లో ఇంతమందిమి ఉన్నామండీ, మాకెందుకు చెప్పలేదండీ?" అని మాత్రం అడగగలిగాను.

"నేనూ అదే అడిగానమ్మా. 'చెబితే నవ్వుతారు' అంది."

అయ్యో భగవంతుడా అని నెత్తి కొట్టుకున్నాను. ఆవిడ నన్ను ఏడవనిచ్చి, మంచినీళ్ళిచ్చి, మెల్లగా మాట్లాడారు. "ఇది నేను పోలీసులకి తెలియజెయ్యాలండీ. నా ఇష్టమో మీ ఇష్టమో కాదిది, చట్టం. మళ్ళీ మళ్ళీ అడిగి పిల్ల చేత చెప్పించకండి. నిన్ను నమ్మాను, నీ తప్పేం లేదు అనండి, చాలు. వాడున్న ఇంటికి మాత్రం తీసుకెళ్ళద్దు."

పద్మ ఇంటికి నడిచి వస్తుంటే చిన్ని నా చెయ్యి పట్టుకోలేదు. కొంగు చివర పట్టుకుంది. నిన్ను నమ్మానే తల్లీ అన్నాను. తల ఎత్తలేదు గానీ కొంగు కూడా వదల్లేదు.

అక్కణ్ణుంచి మొదలైంది మా ఇంట్లో అసలు రోగం.

సుజాతా రాంబాబూ ఆ సాయంత్రమే వచ్చారు. విన్నంతసేపూ సుజాత గోడకానుకుని నిలబడింది. తర్వాత, "నా పుట్టింటి వాళ్ళు మీకు ఎప్పుడూ గిట్టరు అత్తయ్యా. కానీ ఇంత మాటంటారా? మా తమ్ముడు దాన్ని ఎత్తుకుని పెంచాడండీ!" అంది. రాంబాబు నేల చూపులు చూస్తూ, "అమ్మా, డాక్టరుగారిని కాస్త ఆగమనలేమా? నెమ్మదిగా కనుక్కుందాం" అన్నాడు. "ఏం కనుక్కుంటావురా? చెరువులో ఆక్సిజన్ తగ్గితే అర్ధరాత్రి లేచి పరిగెడతావే, కన్నకూతురికి ఊపిరాడకపోతే నెమ్మదిగా కనుక్కుంటావా?" అని అరిచాను. పక్క గదిలో పిల్ల వింటోందని పద్మ నా నోరు మూసింది.

ఊళ్ళో పుకారు ఎలా పుట్టిందో చెప్పనక్కర్లేదు. కోడలి పుట్టింటిని తెంచెయ్యడానికి అత్తగారు పసిపిల్లని అడ్డం పెట్టుకుందన్నారు. నేను నోరున్న మనిషినని ఊరందరికీ తెలుసు. పెళ్ళిలో మర్యాదలు సరిగ్గా జరగలేదని వియ్యాలవారితో తగువు పడిన మాటా నిజమే. ఆ పాత తగువు పట్టుకుని కొత్త నిజాన్ని అబద్ధం చేశారు. గోపిని అరెస్టు చేసిన రోజు వియ్యపురాలు మా వాకిట్లో కూర్చుని శోకాలు పెట్టింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది వదినగారూ! ఆడపిల్లండీ, రేపు దాన్ని ఎవడు చేసుకుంటాడండీ?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. ఒక్క మనిషి కూడా చిన్ని ఎలా ఉందని అడగలేదు.

వాణ్ణి తీసుకెళ్ళాకే పిల్లతో ఊరికి తిరిగొచ్చాం. కొన్ని నెలలకి వాడికి బెయిలొచ్చింది. పిల్ల ఉన్న చోటికి రాకూడదని షరతు పెట్టారు.

చిన్ని అప్పటికి మాట్లాడ్డం మానేసింది. బళ్ళోనూ లేదు, ఇంట్లోనూ లేదు. కావలసినవి వేలితో చూపించేది. ఏలూరులో సైకియాట్రిస్టు దగ్గరికి వారం వారం తిప్పాం. బస్సులో కిటికీ పక్క సీటు దానికి, నడవ పక్క సీటు నాకు. మధ్యలో ఎవరూ రాకూడదు. డాక్టరుగారు పీటీఎస్డీ అన్నారు, సెలెక్టివ్ మ్యూటిజం అన్నారు. జరిగింది మనసులోంచి పోకపోవడం, భయంతో నోరు పెగలకపోవడమట. నిద్రకి చిన్న టాబ్లెట్ రాశారు. "మందుతో నిద్ర పడుతుందండీ. మిగతాది థెరపీతోనూ, మీతోనూ" అన్నారు. "ఎన్నాళ్ళకి తగ్గుతుందండీ?" అని అడిగాను. "ఇది జ్వరం కాదమ్మా, దిగిందని థర్మామీటరు చూసి చెప్పడానికి" అన్నారు.

అసలు పని చేసింది అక్కడి కౌన్సిలర్ అమ్మాయి. మా పద్మకంటే చిన్నది. చిన్నితో మట్టి పిసికేది, బొమ్మలాడేది, ఒక్కోసారి గంటసేపు ఇద్దరూ ఊరికే కూర్చునేవారు. సెషన్ అయ్యాక నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పేది. "ముట్టుకునే ముందు అడగండి నాయనమ్మగారూ. జడ వెయ్యడానికైనా సరే. వద్దంటే ఊరుకోండి. బతిమాలకండి, మొహం మాడ్చుకోకండి. తలుపు కొట్టి లోపలికెళ్ళండి. ఎవరైనా ఇంటికొస్తుంటే ముందే చెప్పండి. ఫలానా వేళకి వస్తానంటే ఆ వేళకి రండి. పెద్దవాళ్ళ మాట మీద దానికి నమ్మకం పోయింది. మాట చెబితే తిరిగి రాదు, మాట ప్రకారం జరిగితే వస్తుంది."

ఈ వయసులో, నా ఇంట్లో నేను తలుపు కొట్టడం! మొదట్లో మర్చిపోయేదాన్ని. చిన్ని ఉలిక్కిపడి మూలకి నక్కేది. నాలిక కరుచుకుని బయటికొచ్చి, మళ్ళీ తలుపు కొట్టేదాన్ని. "జడ వెయ్యనా?" అని అడిగితే నెలల తరబడి తల అడ్డంగానే ఊపింది. చింపిరి జుట్టుతోనే బడికి పంపాను. చూసినవాళ్ళు పిల్లని గాలికొదిలేశారన్నారు. అననీ అనుకున్నాను.

సుజాత ఎలా మారిందో చెప్పాలి. బెయిల్ మీద వచ్చాక వాడు అక్కకి ఫోన్ చేశాడు. సుజాత ఫోన్ స్పీకర్లో పెట్టి కూర అడుగంటకుండా కలుపుతోంది. నేను గడప దగ్గర కూరగాయలు తరుగుతున్నాను. "అంత పెద్ద నేరమేం చేశానక్కా, ఏదో సరదాకే కదా! మీరందరూ కూడా నవ్వేవాళ్ళు" అన్నాడు. సుజాత చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. కూర మాడిన వాసన వచ్చేదాకా కదల్లేదు. తర్వాత నా దగ్గరికొచ్చి కింద కూర్చుంది. "వాడు కాదనలేదు అత్తయ్యా" అంది. ఆ వారంనుంచి ఏలూరు బస్సులో ముగ్గురం వెళ్ళాం.

చాలా నెమ్మదిగా, మన కంటికి ఆననంత నెమ్మదిగా చిన్ని తేరుకుంది. ముందు బళ్ళో ఒక స్నేహితురాలి చెవిలో మాట్లాడిందట. తర్వాత వాళ్ళమ్మతో. ఒకరోజు నేను జడ వెయ్యనా అంటే వచ్చి నా ముందు వీపు పెట్టి కూర్చుంది. ఆత్రంలో పాపిడి వంకర తీశాను. "నాయనమ్మా, వంకర" అంది. దాదాపు ఏడాది తర్వాత నాతో అన్న మొదటి మాట. అంతకంటే మంచి తిట్టు నేను జన్మలో తినలేదు.

ఆరో తరగతిలో ఉండగా ఒక ఉదయం నా తలుపు కొట్టి, లోపలికొచ్చి చెవిలో చెప్పింది, బట్టలకి మరకైందని. వాళ్ళమ్మ కంటే ముందు నాకే చెప్పింది. భయపడలేదు, ఏడవలేదు. నేను దానికి వివరంగా చెబుతుంటే, "మా సైన్సు మేడమ్ చెప్పారులే" అని నన్నే ఊరుకోబెట్టింది. గెలిచామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

తాటాకు చాప మీద కూర్చోబెట్టి నువ్వుల చిమ్మిలి పెట్టాం. అంతటితో సరిపెడదామన్నాను నేను. రాంబాబు ఒప్పుకోలేదు. "ఫంక్షన్ చెయ్యకపోతే ఊళ్ళో ఇంకా మాట్లాడుకుంటారమ్మా" అన్నాడు. నేను తగువు పెట్టుకునేదాన్నే, కానీ చిన్నికే మనసైంది. స్నేహితురాళ్ళందరికీ అయిందట, లంగా ఓణీ వేసుకుని ఫోటోలు దిగుతానంది. కౌన్సిలర్ అమ్మాయి కూడా, "అందరి ముందూ కూర్చుంటానందంటే మంచి సైనేనండీ. ఎవరెవరొస్తారో మాత్రం దాన్నే నిర్ణయించనివ్వండి" అంది. చిన్ని వేళ్ళు మడిచి పేర్లు చెప్పింది. చివర్న నన్ను అడిగింది.

"మామయ్య రాడు కదా?"

"రాడు. నేనుండగా రానిస్తానా? నా మీద ఒట్టు."

మా వైపు ఈ ఫంక్షన్లో మేనమామే ముఖ్యం. పుట్టింటి చీర వాడే తేవాలి, పందిట్లో పిల్లకి వాడే అందించాలి. వియ్యపురాలు కబుర్ల మీద కబుర్లు పంపింది. "మేనమామ చీర లేకుండా పిల్లని పందిట్లో కూర్చోబెడతారా వదినగారూ? అరిష్టం అండీ. మీ వియ్యంకుడికి ఒంట్లో బాగోలేదు, కళ్ళు మూసేలోగా ఒక్కసారి చూసుకుంటానంటున్నారు" అంది. సుజాత ఏడ్చింది. వాళ్ళ నాన్న చీర తెస్తే తెమ్మని, కొడుకు మాత్రం గడప తొక్కకూడదని తెగేసి చెప్పింది. వాళ్ళు సరేనన్నారు. రాంబాబు వెళ్ళి పెద్దమనుషుల ముందు మాట తీసుకొచ్చాడు. నేను నమ్మాను.

పందిరి బాగా వేశారు. పచ్చ ఓణీలో చిన్ని కుర్చీలో కూర్చుంటే నా దిష్టే తగిలేలా ఉంది. స్నేహితురాళ్ళు వెనక నిలబడి ఏదో అంటుంటే పళ్ళు కనబడేలా నవ్వుతోంది. అప్పుడు కారొచ్చింది. వియ్యంకుడు దిగలేదు, ఆయన అసలు రాలేదు. వియ్యపురాలు దిగింది. ఆవిడ వెనక, చీర పెట్టిన వెండి పళ్ళెం రెండు చేతులా పట్టుకుని గోపి దిగాడు.

ఎవరో ముసలమ్మ, పాత అలవాటు కొద్దీ, "పెళ్ళికొడుకొచ్చాడర్రా!" అంది. పందిరంతా నవ్వింది. సంగతి తెలియనివాళ్ళు నవ్వారు, తెలిసినవాళ్ళూ నవ్వారు.

చిన్ని వాడి వంక చూడలేదు. నా వంక చూసింది.

నేను పరిగెత్తాను. నా కాళ్ళు ఎంత పరిగెడతాయి! వాడు పందిట్లోకి అడుగు పెట్టేశాక అందుకున్నాను. పళ్ళెం లాగి వీధిలోకి విసిరేశాను. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను. సుజాత కన్నతల్లిని రెక్క పట్టుకుని కారు దాకా ఈడ్చుకెళ్ళింది. రాంబాబు ఫోటోగ్రాఫరు పక్కన నిలబడి, "ఇంత పని చేస్తారనుకోలేదు, ఇంత పని చేస్తారనుకోలేదు" అని అదే మాట అంటున్నాడు. పెద్దమనిషొకాయన, "శుభమా అని పిల్లకి ఫంక్షన్ చేసుకుంటూ ఈ గోలేమిటమ్మా? చీరిచ్చి వెళ్ళిపోయేవాడు కదా!" అన్నాడు. ఇదంతా అయ్యాక తిరిగి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది.

చిన్ని లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. తలుపు కొట్టాను. తియ్యలేదు. తల్లి కొట్టింది, పద్మ కొట్టింది. వచ్చినవాళ్ళంతా భోంచేసి వెళ్ళిపోయారు. పొద్దు వాలాక దానంతట అదే తలుపు తీసుకుని వచ్చింది. స్కూలు యూనిఫారం వేసుకుంది. ఓణీ ఏం చేసిందో తర్వాత దొడ్లో కనబడింది, ముక్కలు ముక్కలుగా. నా పక్కనుంచే నడిచి వాళ్ళమ్మ దగ్గరికెళ్ళి నిలబడింది.

బెయిలు షరతు మీరాడని స్టేషన్లో చెప్పాం. అదీ కోర్టులో వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. వాడు తిరుగుతూనే ఉన్నాడు.

కౌన్సిలర్ అమ్మాయి దగ్గర మొదటిసారి కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. మళ్ళీ మొదటికొచ్చిందా అని అడిగాను. ఆ అమ్మాయి నాతో అబద్ధం చెప్పదు. "మొదటికంటే వెనక్కి వెళ్ళిందండీ. అప్పుడు చెడు చేసినవాడి మీద భయం. ఇప్పుడు కాపాడతానన్నవాళ్ళ మీద నమ్మకం పోయింది. ఇది కట్టడం ఇంకా కష్టం. కడతామో లేదో కూడా నేను చెప్పలేను" అంది.

అది జరిగి ఏడాది దాటింది. రాంబాబుని చెరువుల దగ్గరే వదిలేసి నేనూ సుజాతా పిల్లని తీసుకుని తాడేపల్లిగూడెంలో పద్మ ఇంటి దగ్గర పోర్షన్ తీసుకున్నాం. సుజాత ఒక బట్టల షాపులో పనికెళుతోంది. పుట్టింటికి వెళ్ళదు, ఫోన్ ఎత్తదు. రాంబాబు ఆదివారాలు చేపలు పట్టుకుని వస్తాడు. చిన్ని వాళ్ళ నాన్నకి మంచినీళ్ళిచ్చి లోపలికెళ్ళిపోతుంది. వాడు గ్లాసు పట్టుకుని కూర్చుంటాడు. నా కొడుకే అయినా జాలి పడలేను, తిట్టనూలేను.

చిన్ని బడికెళుతోంది. మార్కులు బాగానే వస్తాయి. రాత్రి టాబ్లెట్ మళ్ళీ మొదలైంది. తల్లితో అవసరానికి నాలుగు ముక్కలు మాట్లాడుతుంది. నాతో లేదు. నేను తలుపు కొడతాను, అడిగే ముట్టుకుంటాను, చెప్పిన వేళకే వస్తాను. అన్నీ చేస్తున్నాను. జడ వెయ్యనా అంటే కత్తెర తీసుకుని జుట్టు మెడ దాకా కత్తిరించేసుకుంది. ఇక ఆ ప్రశ్న కూడా లేదు. ఒక్కోసారి అనిపిస్తుంది, ఈ పిల్ల నేను పోయేలోగా నాతో మాట్లాడదని. అనిపించడం కాదు, అదే నిజమేమో.

పోయిన వారం లాయరుగారు ఫోన్ చేశారు. చిన్ని కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన రోజు దగ్గరికొస్తోంది. సుజాత స్పీకర్లో పెట్టింది. అది అయ్యాక చిన్ని నోటు పుస్తకం మూసి నా వైపు తిరిగింది.

"అక్కడ వాడుంటాడా?"

ఏడాది తర్వాత నాతో మాట్లాడింది. ఉండడు తల్లీ అని నోటి దాకా వచ్చింది. నా ప్రాణం పెట్టి ఉండకుండా చేస్తానని అనబోయాను. నోరు నొక్కుకున్నాను.

"ఉంటాడమ్మా. నీకు కనబడకుండా అడ్డం పెడతామన్నారు. నిజంగా పెడతారో లేదో నాకు తెలీదు. వరండాలో ఎదురుపడతాడేమో కూడా తెలీదు. ఆపడం నా చేతిలో లేదు. నేను మాత్రం నీతో వస్తాను. అదొక్కటే నా చేతిలో ఉంది."

చిన్ని నోటు పుస్తకం చంకన పెట్టుకుని లేచింది. "సరే" అంది. ఆ ఒక్క ముక్కకే పొంగిపోయి నేను ఇంకేదో అడగబోయేలోపే గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. ఆ తర్వాత మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఇది చదివేవాళ్ళలో మాలాంటి ఇళ్ళవాళ్ళు ఉంటారు. ఉన్నారని నాకు తెలుసు, ఏలూరు హాస్పిటల్ బెంచీల మీద చూశాను, తలలు వంచుకుని కూర్చుంటాం మనం. మీకు ధైర్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక్క మాట మాత్రం చెబుతాను. దెబ్బ తిన్న పిల్లకి మీ చేతిలో లేనిది మాటివ్వకండి. ప్రేమ కొద్దీ నోటి దాకా వస్తుంది, మింగెయ్యండి. ఏది మీ చేతిలో ఉందో అంతే చెప్పి, అది చెయ్యండి. మిగతాదానికి తెలీదనండి. పెద్దవాళ్ళకి ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అనండి. తెలీదంటే పిల్లలు తట్టుకుంటారు. రాడని మనం ఒట్టేసినవాడు పళ్ళెం పట్టుకుని పందిట్లోకి రావడం తట్టుకోలేరు.